ఆముదం పూసిన సైకిల్

క్యాంపుకి ఎప్పుడు పోతాండావు అని ఇంకొకరు అడిగితే నేను ఈ వాట్సాప్ గ్రూపు లోనుంచి లేచి పోతా. పోలేదు. పోయేది లేదు. రేసు ఆదివారమే అయిపోయె. ఎవురికీ చెప్పకుండా ఉండాల అనే అనుకొంటి. మా అక్క ఉండాది కద, నేను కొత్తిమీర చేన్లో బోర్లా పడి ఉండే వీడియో స్టేటస్ పెట్టేసె. అది చూసి సగం కత మీరే అల్లుకోని, ఒకడేమో నాకు ఫిట్స్ వచ్చిందని కూడా చెప్పినాడంట. అందుకే మొదటినుంచి చెప్తా. ఒకే తడవ. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేమి.

సైకిల్ రేసంటే తారు రోడ్డు మీద పోయేది కాదు. చేలు, బండలు, కొండ, ముళ్ళ తోవ, అన్నిట్లో తొక్కేది. మౌంటెన్ బైకు. ఇది ఈ సీజన్‌కి ఆఖరి రేసు. దీని తరవాత ఎండ పట్టుకుంటాది, ఎవుడూ రేసు పెట్టడు. పద్దెనిమిది లోపల ఉండే పిల్లోళ్ళకి, ఫస్ట్ వచ్చే ముగ్గురికీ స్టేట్ క్యాంపు. నాకు వచ్చే నెల పద్దెనిమిది నిండుతాది. అంటే మరుసటి సీజన్ నుంచి పెద్దోళ్ళతో తొక్కాల. వాళ్ళ పిక్కలు ఒకొక్కటీ నా నడుమంత ఉండాది. వాళ్ళతో తొక్కి మూడో ప్లేసు వచ్చేదానికి నేను ఇంకో జన్మ ఎత్తాల. అందుకని ఇదే నా ఆఖరి చాన్సు.

మూడు సీజన్లు తొక్కినా. నాలుగో ప్లేసు రెండు తడవలు. ఆరో ప్లేసు ఒకటి. టైరు పేలి సైకిల్ బుజాన మోసుకోని వచ్చింది ఒకటి. ప్రతిసారీ నాకు ముందర ఒకే వీపు. విరుదునగర్ అశ్విన్‌ది. వాడి సైకిల్‌ని ఒక వేలితో ఎత్తొచ్చు, నాది ఎత్తాలంటే ఇద్దరు కావాల. వాళ్ళ క్లబ్బు పిల్లోళ్ళు కారు మీద సైకిళ్ళు కట్టుకోని వస్తారు. నేను కోవిల్‌పట్టి బస్‌స్టాండు నుంచి తొక్కుకోని పోతా, రేసుకి ముందే సగం రేసు అయిపోతాది.

ఈ తూరి రేసు మన కోవిల్‌పట్టి పక్కన పెట్టినారు. మన మట్టి, మన కొండ. ఇంక నా నోరు ఆగుతాదా? క్యాంపు నాదే అని మీకు చెప్తిని, పీటీ సార్‌కి చెప్తిని, టీ అంగడిలో చెప్తిని. బట్టలు సర్దేదానికి అక్క బ్యాగు కూడా అడిగి పెట్టుకొంటి.

శనివారం సాయంత్రం వాన పడె.

తై నెలలో, పొంగలి అయినాక, వాన ఎవురు అడిగినారు? మినుములు కోసి కళ్ళంలో వేసినోళ్ళంతా తలమీద చెయ్యి పెట్టుకోని తిట్టుకుంటాండారు. ఊరంతట్లో నవ్వినోణ్ణి నేనొక్కణ్ణే. మా అమ్మ చూసి, ఊరు ఏడుస్తాంటే పల్లు చూపిస్తాండావు, వీదిలోకి పోవద్దు, తంతారు అన్నది.

నవ్వింది ఎందుకంటే, మన నల్లమట్టి సంగతి మీకు తెలుసు. తడిసినాక నాలుగు అడుగులు వేస్తే చెప్పుకి కింద ఇంకో చెప్పు మొలుస్తాది. పది అడుగులకి మనిషి జానెడు పొడుగు అయిపోతాడు. సైకిల్‌కి ఇంకా మోసం. టైరుకి పట్టుకోని, ఫోర్కు సందులో మెత్తుకోని, చక్రం తిరగదు. వేలితో ఎత్తే సైకిలైనా అంతే, ఆడనే నిలబడిపోతాది. విరుదునగర్ వాళ్ళు ఆ మట్టిలో ఏం చేస్తారు అని తలుచుకుంటే నాకు అన్నం కూడా దిగలే, అంత సంతోషం.

మరి నా సైకిల్‌కి మాత్రం పట్టదా? ఆడనే ఉండాది నా తెలివి.

మా తాత తడి చేన్లో పని చేసేటప్పుడు పారకి ముందు ఆముదం రాస్తాడు. ఎద్దులు ఉండిన కాలంలో మడక కర్రుకి కూడా రాసేవాడంట. నూనె ఉంటే నల్లమట్టి ఇనుముని పట్టుకోదు, జారి పడిపోతాది. చిన్నప్పటినుంచి చూస్తాండా. ఆ రోజు కూడా గట్టు తెగిందని తాత పారకి ఆముదం రాస్తాంటే, నా తలలో లైటు వెలిగె. పారకి పట్టకపోతే సైకిల్‌కి ఎట్టా పట్టుతాది? లోకంలో ఇంతమంది రేసర్లు ఉండారు, ఒక్కడికీ ఈ ఐడియా రాలేదే అనుకొంటి. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలుస్తాంది.

విరుదునగర్‌లో నూనె మిల్లులో పని చేసే మా చిన్నాయన తెచ్చి ఇచ్చిన ఆముదం ఇంట్లో ఎప్పుడూ ఉంటాది. పెద్ద బాటిలు. తీసినా. సైకిల్‌ని తలకిందులు చేసి, సీటు మీద, హ్యాండిల్ మీద నిలబెడితి. టైరుకి పోసినా, ఫోర్కుకి పోసినా, స్పోక్సుకి పోసినా. డిస్కు బ్రేకు మీద మాత్రం ఒక చుక్క పడనీలే. డిస్కుకి నూనె తగిలితే బ్రేకు పోతాది అని నాకు తెలుసు. నేనేమి పిచ్చోణ్ణి కాదు. చేత్తో అడ్డం పెట్టి, అంత పదిలంగా పూసినా.

తాత వచ్చి నిలబడి చూసినాడు. పసిబిడ్డకి మాడుకి అద్దినట్టు అద్దితే చాలు కదరా, దీపావళికి తలకి పోసినట్టు పోస్తాండావే అన్నాడు. తాతా, పార వేరే, సైకిల్ వేరే, స్పీడు ఉండాది, దీనికి ఎక్కువ కావాల అంటి. సైన్సు తాతా అంటి. నీ ఇష్టం అని పోయినాడు.

బాగా ఊరాల అని తెల్లారేదాకా అట్నే తలకిందులుగా ఉంచేసి పండుకొంటి.

పొద్దున ఎత్తి చూస్తే సైకిల్ పెండ్లికొడుకు మాదిరి మెరుస్తాండాది. గ్రౌండుకి పోయి వార్మప్‌లో ఒకసారి బ్రేకు నొక్కినా. కీచుమనె. కొంచెం మెత్తగా కూడా ఉండె. తేమకి అట్టా ఉంటాది, ఎండ వస్తే సరిపోతాది అని ఒదిలేసినా. నన్ను ఎవురూ కొట్టి చెప్పలే, నేనే ఒదిలేసినా.

విజిలు వేసిరి. ముప్పై మంది ఒకే తూరి తొక్కిరి. స్టార్టింగు తారు రోడ్డు. నేను లేచి నిలబడి బలంగా ఒక తొక్కు తొక్కితే, వెనక చక్రం ఉన్నచోటనే గిర్రున తిరిగి నన్ను పక్కకి పారేసె. తారు మీద ఆముదం టైరు. మిగతా ఇరవై తొమ్మిది మందీ పోయిరి. స్టార్టు లైను దాటకముందే పడినోణ్ణి నేనే అంట, మైకులో కూడా చెప్పినారు. అశ్విన్ ఒక్కడు వెనక్కి తిరిగి, ఏమైనా తగిలిందా అని అడిగి పోయినాడు. వాడు మంచోడుగా ఉండేదే నాకు అస్సలు ఒప్పదు. చెడ్డోడై ఉంటే తిట్టుకునేదానికి ఎంత వీలుగా ఉంటాది.

లేచి, మోచేయి తుడుచుకోని తొక్కితి. కిలోమీటరు తారు అయినాక చేల తోవ. నల్లమట్టి. ఆడికి పోయేసరికి చూడాల మీరు. లక్షరూపాయల సైకిళ్ళన్నీ వరసగా నిలబడి ఉండాయి, సంతలో ఎద్దుల మాదిరి. ఒకడు పుల్లతో మట్టి గీకుతాండాడు, ఒకడు బస్సు పాసుతో గీకుతాండాడు, ఒకడు సైకిల్‌ని నెత్తిన పెట్టుకోని నడుస్తా జారి పడినాడు. నా సైకిలు? వెన్నలో కత్తి. మట్టి పట్టుకుంటాది, జారిపోతాది. పట్టుకుంటాది, జారిపోతాది. తాత పార మాదిరే.

ఇరవై ఆరు మందిని దాటినా. లెక్క పెట్టుకుంటానే దాటినా. సుమ్మా, ఏమీ అనకుండా దాటితే పుణ్యం వచ్చుండేది, నేను ఒకొక్కడికీ ఒకొక్క మాట చెప్పి దాటినా. అశ్విన్ కూర్చోని గేరు సందులో మట్టి గోళ్ళతో లాగుతాండాడు. ఏం తంబి, విరుదునగర్‌లో ఈ మట్టి దొరకదా అని అడిగినా. వాడు నవ్వి, నీకు ఎట్టా పట్టలేదు అని అడిగినాడు. దానికి వంశం కావాల అంటి. అవును, అట్నే చెప్పినా.

కొండ ఎక్కేటప్పుడు ఇంకొకణ్ణి దాటినా. పైకి పోయేసరికి నా ముందర ఇద్దరే. కోయంబత్తూరు వైపు పిల్లోళ్ళు, మట్టి పట్టుకోక ముందే దాటిపోయినారా ఏమో తెలీదు. వాళ్ళని నేను పట్టుకోవాల్సిన పని కూడా లేదు. మూడో ప్లేసు చాలు. దిగి, కింద ఎడమకి తిరిగి, అర కిలోమీటరు తొక్కితే ఫినిషు. వెనక ఎవుడూ కంటికి కూడా కనపడలే. అంటే ఆ కొండ మీద నేను ఏమీ చేయకుండా మెల్లగా దిగుంటే క్యాంపు నాదే.

దిగుడు మొదలయినాక ఎడమ బ్రేకు నొక్కినా. లీవరు హ్యాండిల్ దాకా వచ్చేసె. ఏమీ జరగలే. కుడిది నొక్కినా. అదీ అంతే. రెండూ కలిపి పల్లు కొరుక్కోని నొక్కినా. సైకిల్ ఇంకా కొంచెం వేగంగా పోయినట్టు ఉండె.

ఏమయిందంటే, ఆముదం తేనె మాదిరి చిక్కన, నిదానంగా నడుస్తాది. సైకిల్ తలకిందులుగా ఉండాది కద. టైరుకి పోసిన నూనె తెల్లారేదాకా స్పోక్సు వెంట మెల్లగా కిందికి దిగి, నడుమ ఇరుసుకి చేరి, ఆడనుంచి డిస్కుకి, డిస్కు నుంచి దాన్ని పట్టుకునే బ్రేకు ప్యాడ్లకి. నేను చెయ్యి అడ్డం పెట్టి అంత పదిలంగా కాపాడిన డిస్కు, నేను నిద్రపోతాంటే నూనె స్నానం చేసింది. మట్టిలో బ్రేకు అక్కర్లే, కొండ ఎక్కేటప్పుడు అక్కర్లే. మొదటిసారి అక్కర పడింది ఈ దిగుడులోనే.

కాలు కింద పెట్టి ఆపాల అని చూసినా. బూటు అడుగున పొగ వచ్చినట్టు అయ్యె, అంతే. బండలు ఎగురుతాండాయి, నేను ఎగురుతాండా. మొదటి కోయంబత్తూరోణ్ణి దాటినా. రెండోవాణ్ణి దాటినా. జన్మలో మొదటిసారి రేసులో ఫస్ట్ ఉండా. దాన్ని చూసి సంతోషపడేదానికి కూడా టైము లేదు. కింద జనం విజిల్స్ వేస్తాండారు. మైకులో ఆయన తమిళంలో అరుస్తాండాడు, ఈ తంబి బ్రేకే వేయకుండా దిగుతాండాడు చూడండి, ఏం ధైర్యం, ఏం ధైర్యం అని. కింద నిలబడి అక్క తీసిన వీడియోలో చూస్తే నేను నోరు తెరిచి సింహం మాదిరి గర్జిస్తా ఉండా. గర్జన కాదు అది. అమ్మా అని పిలుస్తాండా.

కింద తోవ ఎడమకి తిరిగె. నేను తిరగలే. రిబ్బను తెంపుకోని, గట్టు ఎగిరి, కొత్తిమీర చేన్లోకి నేరుగా పోయినా. వానకి నానిన నల్లమట్టి. ముందు చక్రం సగందాకా దిగబడి నిలిచిపోయె, నేను నిలవలే. హ్యాండిల్ మీదినుంచి ఎగిరి ఇంకా ముందరికి పోయి పడినా. కన్ను తెరిస్తే నోట్లో మట్టి, మూతి నిండా కొత్తిమీర వాసన. సైకిల్ మాత్రం ఎవురూ పట్టుకోకుండానే నిటారుగా నిలబడి ఉండాది, స్టాండు వేసినట్టు.

చేన్లో కలుపు తీస్తాండిన ఒక పెద్దమ్మ లేచి వచ్చె. తిడతాది అనుకొంటి. తిట్టలే. నన్ను లేపి, తోవ అటు కదయ్యా అన్నది. నేను కూడా చూసినా పెద్దమ్మా అంటి. ఇద్దరం కలిసి సైకిల్ లాగితిమి. అంత దూరం వచ్చేసరికి పూసిన ఆముదమంతా రాసుకోని పోయి, చక్రాలకి ఒక్క చుక్క లేదు. మట్టి ఇప్పుడు బాగా పట్టుకొనె, ఇంతసేపు దాక్కోని ఉండి దొరికినట్టు. బ్రేకు దగ్గర మాత్రం నూనె బద్రంగా ఉండాది. పెద్దమ్మ నేను పెరికేసిన కొత్తిమీరంతా ఏరి కొంగులో వేసుకొనె, సాయంత్రం చట్నీకి అవుతాది అని. ఆ రోజు లాభం వచ్చింది ఆమెకి ఒక్కదానికే.

కోయంబత్తూరు ఇద్దరూ పోయిరి. తరవాత రాజపాళయం పిల్లోడు ఒకడు. మూడు అయిపోయె. నేను గట్టు మీద కూర్చోని పుల్లతో గీకుతా లెక్క పెట్టినా. పొద్దున నేను మాట చెప్పి దాటినోళ్ళలో కొందరు వచ్చి, వాళ్ళూ ఒకొక్క మాట చెప్పి పోయిరి. అశ్విన్ ఏడో ప్లేసులో పోయినాడు, గేరు వంకరపోయి, ఒకే గేరులో తొక్కుకుంటా. నేను పదకొండు.

ఇంతటితో ముగిసుంటే దుర్విది అని చెప్పి మరిచిపోతా ఉంటి. ముగియలే.

ఫినిషు పక్కన నీళ్ళ ట్యాంకరు కాడ సైకిల్ కడుగుతాంటే సెలెక్టర్ సార్ వచ్చినాడు. ముసలాయన, ఒక కాలు కొంచెం ఈడుస్తాడు, ఆ కాలంలో పెద్ద రేసరంట. మూడు సీజన్లలో ఆయన నా మొహం చూసింది అదే మొదలు. పైనుంచి దిగింది నువ్వేనా అని అడిగినాడు. నేనే సార్ అంటి. నా వెనక విరుదునగర్ పిల్లోళ్ళంతా నిలబడి వింటాండారు. అశ్విన్ కూడా.

"బ్రేకు వేసినా పడలేదా, లేకపోతే నువ్వే వేయలేదా?"

ఆముదం అని ఎట్టా చెప్పేది? వంశం అని చెప్పి రెండు గంటలు కూడా కాలే. సైకిల్‌కి ఆముదం పోసి బ్రేకు పోగొట్టుకొంటి అని చెప్తే, కారులో విరుదునగర్ పోయేదాకా నవ్వుకుంటా పోతారు.

"నేను దిగేటప్పుడు బ్రేకు వేయను సార్. బయం ఉండేవాళ్ళు వేస్తారు."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసినాడు. మెచ్చుకుంటాండాడు అనుకోని నేను నిటారుగా నిలబడితి. ఆయన చేతిలో ఉండిన నోటుబుక్కు మూసేసినాడు.

"ముగ్గురు కాక ఇంకొక్కణ్ణి నేను ఏరుకోవచ్చు తంబి. సైకిల్ చెడిపోయి ఓడినోడికి ఆ సీటు. నీ పేరే రాసేదానికి వచ్చినా. బ్రేకు ఉండి కూడా వేయనోణ్ణి తీసుకుపోతే, రేపు మీ అమ్మకి నేను జవాబు చెప్పాల."

అప్పుడు చెప్పినా. సార్ సార్, బ్రేకు నిజంగానే పడలే, ఆముదం సార్, తాత పార సార్, తలకిందులు సార్, అంతా కలిపి చెప్పినా. నాకే నమ్మబుద్ది కాలే, ఆయనకి ఎట్టా అవుతాది? సీటు అనేసరికి కత మారుస్తాండావే తంబి అని, అంత కోపం కూడా లేకుండా చెప్పినాడు. పక్కకి తిరిగి అశ్విన్‌ని అడిగినాడు, నీకు ఏమయింది అని. మట్టి పట్టుకుంటే ఎట్టా తీయాలో నాకు తెలీలేదు సార్, గేరు వంగిపోయె అన్నాడు వాడు. అంతే. తెలీదు అని ఒక్క మాట చెప్పి వాడు క్యాంపుకి పోతాండాడు. అన్నీ తెలుసని చెప్పిన నేను కోవిల్‌పట్టి బస్‌స్టాండు దాకా బ్రేకు లేకుండా, కాళ్ళు నేలకి ఆనించుకుంటా వస్తిని.

ఇంటికి వస్తే తాత మొదట అడిగింది బాటిల్లో ఆముదం ఎంత మిగిలింది అని. తరవాత చెప్పినాడు, పారకి సాలు సాలుకీ కొంచెం రాయాల, ఒకే తూరి అంతా పోసేది కాదు అని. ఇది శనివారం చెప్పుండొచ్చు కదా తాతా అంటే, సైన్సు అన్నావు కదా, నాకేమి తెలుసు అన్నాడు.

నాకు మనసు ఆరలే. రేసు ఫారంలో సెలెక్టర్ సార్ నంబరు ఉండె. సాయంత్రం తెల్లగుడ్డతో డిస్కు తుడిచితి. గుడ్డ మొత్తం పచ్చగా, జిడ్డుగా అయిపోయె. డిస్కు ఒక ఫొటో, గుడ్డ ఒక ఫొటో, ప్యాడ్లు ఊడదీసి ఒక ఫొటో. సార్, పొద్దున నేను చెప్పింది అబద్దం, బ్రేకు నిజంగా పడలే, నూనె తగిలింది, చూడండి సార్ అని పంపిస్తి. బ్లూ టిక్కు వచ్చె. టైపింగ్ అని చూపించె.

"నూనె ఎవురు పోసింది?" అని వచ్చె.

తాత మీద చెప్పొచ్చు, చిన్నాయన మీద చెప్పొచ్చు, అక్క మీద చెప్తే ఇంకా బాగుంటాది. ఇంక అబద్దం వేండాం, చెప్పింది చాలు అనుకోని, "నేనే సార్" అని పంపిస్తి.

బ్లూ టిక్కు. మూడు రోజులు అయ్యె. ఆ రేసు మొత్తంలో అడిగిన వెంటనే నేను చెప్పిన నిజం అది ఒక్కటే, దానికి ఇంకా జవాబు రాలే.